పాపా, టాస్క్ వేసే ముందు

పాపా,

గ్లైడింగ్ క్లబ్ పోటీలో టాస్కులు, అంటే పైలట్లు ఎగరాల్సిన దారులు, వేసే పని నీకిచ్చారని చెప్పినప్పటి నుంచి ఎంత సంతోషంగా ఉందో అంత టెన్షన్‌గానూ ఉంది. ఇంజిన్ లేని విమానం నేనెప్పుడూ ఎక్కలేదు గానీ, మన తిరుపతి మిద్దె మీద నిలబడితే శేషాచలం కొండల మీద గద్దలు రెక్క ఆడించకుండా చుట్లు తిరుగుతూ పైకి పోవడం రోజూ చూస్తా. పొద్దున ఏడింటికి ఒక్కటీ ఉండదు, నేల వేడెక్కాకే వస్తాయి. నువ్వు చెప్పే థర్మల్, పైకి లేచే వేడిగాలి, అదే కదా.

ఏరియా టాస్క్ నాకు వెంటనే తలకెక్కింది. పెద్ద వలయాలు ఇస్తారు, లోపలికి ఎంతదూరం పోవాలో పైలట్ ఇష్టం, కనీసం 3 గంటలు అని పెడితే రెండున్నరకే తిరిగొచ్చినా వేగం లెక్కకు దూరాన్ని మూడుతోనే భాగిస్తారు. మన తిరుమల ఘాట్ రోడ్డు లాగే! టోల్‌గేట్‌లో టైం వేసిన చీటీ ఇచ్చేవాళ్లు, తొందరపడి ముందే చేరినవాడికి ఒరిగేదేమీ ఉండేది కాదు.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. నేను పీఈటీగా చేరిన కొత్తలో క్రాస్ కంట్రీ రూటు నేనే వేశా. ఆరింటి చల్లదనంలో నడిచి చూసి బాగుందనుకున్నా. ముఖ్య అతిథి ఆలస్యమై పరుగు మొదలయ్యేసరికి పదకొండు దాటింది, అయినా రూటు మార్చలేదు, మార్చడానికి చేతిలో ఇంకోటి లేదు. చింతచెట్టు కింద ఒక పిల్లాడు పడిపోయాడు. బనియన్‌కు పిన్నుతో గుచ్చిన నంబరు కాగితం చెమటకు తడిసి చేతికి ముద్దగా వచ్చింది. వాడు కళ్లు తెరిచేదాకా నేను ఊపిరి పీల్చుకోలేదు. తప్పు పూర్తిగా నాదే.

అందుకే మేఘాలు లేటుగా కడితే వాడుకోవడానికి చిన్నదైన టాస్క్ బి పొద్దున బ్రీఫింగ్‌లోనే ఇచ్చేస్తామని నువ్వన్నప్పుడు మనసు కుదుటపడింది. ఆ 'బి' షీటును అసలు టాస్క్ 'ఏ' షీటంత శ్రద్ధగా తయారుచెయ్ తల్లీ. టాస్క్ గీసేటప్పుడు మీ ఛాంపియన్‌ను కాదు, చివరగా లాంచ్ అయి, పాత గ్లైడర్‌లో సాయంత్రం థర్మల్స్ చచ్చిపోతున్న వేళ ఒంటరిగా తిరిగొచ్చే కుర్రాణ్ని తలచుకో. వాడు చివరి టర్న్ పాయింట్, అంటే చివరి మలుపు, దాటాక కింద అడవి ఉందా, దిగడానికి పొలాలున్నాయా? స్టార్ట్ లైన్ తెరిచేసరికి వాడికీ ఎత్తు ఎక్కే సమయం దొరికిందా? వేర్వేరు గ్లైడర్ క్లాసులవాళ్లు ఒకే దారిలో ఎదురెదురుగా రాకుండా చూసుకో, ఇది మాత్రం రెండుసార్లు చూడు.

గ్రిడ్ మీద గ్లైడర్లన్నీ వరుసకట్టి, టోపీలు పెట్టుకుని అందరూ నీ మొహమే చూస్తుంటారు. అప్పుడు రద్దు చెయ్యాలనిపిస్తే చేసెయ్. గొణుగుతారు, గొణగనీ.

మీ అమ్మ చింతకాయ పచ్చడి పార్సిల్ కట్టింది, కొరియర్‌కు ఈరోజే ఇస్తున్నా. మొదటి రోజు బ్రీఫింగ్ అయ్యాక మ్యాపు ఫోటో పంపు. రెండు షీట్లూ పంపు, నేను బి ముందు చూస్తా.

మీ నాన్న