మా కారు టర్బో పని పూర్తి చేసిపెట్టిన వరంగల్ మిత్రులందరికీ కృతజ్ఞతలు

కారు మళ్లీ ములుగు రోడ్డు ఎక్కింది. నీలిపొగ పోయింది, ఆ దిక్కుమాలిన ఈల కూడా పోయింది. సాయం చేసిన వాళ్లలో ఇద్దరు తమ పేర్లు రాయవద్దని గట్టిగా చెప్పారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరి సంగతి వాళ్లకు తెలిసిపోతుంది.

మాది 1248 సీసీ డీజిల్ ఇంజిన్. ఒకప్పుడు మారుతి, టాటా, ఫియట్ మూడింటి కార్లలోనూ ఇదే తిరిగింది, కాబట్టి సామానుకు కొదవ లేదు. టర్బో అంటే పొగ ఊపుతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి నెట్టే భాగం. దాని షాఫ్టు అరిగిపోయి నూనె గాలి గొట్టంలోకి కారుతుంటే కంపెనీ టర్బో ధర కనుక్కున్నాను. ఇంత పాత కారుకు అంత పెట్టడం దండగనిపించి, సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి బయటి తయారీది తెప్పించాను. లోపలి కొలతలు అవే. గాలి బయటికి వచ్చే మూతి మాత్రం వేరే వైపు తిరిగి ఉంది, టర్బో ఒత్తిడిని అదుపులో ఉంచే యాక్చుయేటర్ డబ్బా పాతదానికంటే లావు. ఈ ఇంజిన్ గదిలో ఆ మూల చేయి దూరితే మణికట్టు తిరగదు. డబ్బా సరిగ్గా ఏసీ పైపుకు ఆనింది.

ఒక వర్క్‌షాపులో చూపిస్తే, ఏసీ పైపు వంచేసి, అడ్డొచ్చిన రేకు గ్రైండర్‌తో కోసేద్దామన్నారు. ఇంకో పెద్దమనిషి, ఎలాగూ విప్పారు కదా, ఇంతకంటే పెద్ద టర్బో వేయించండి, బండి దూసుకుపోతుందన్నాడు. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. అదలా ఉంచితే, నేను నర్సంపేట నుంచి ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి సంచులు తెచ్చుకునేవాణ్ణి, దూసుకుపోయి ఎక్కడికి వెళ్లాలి?

అప్పుడు వచ్చారు కాకా. ఆర్టీసీ డిపోలో చేసి రిటైరయ్యారు. వచ్చీ రాగానే గ్రైండర్‌ను అవతల పెట్టించారు. టర్బోను ఒళ్లో పెట్టుకుని, గాలి వైపు గుల్లకూ మధ్య భాగానికీ కలిపి సుద్దతో గీత గీశారు. గుల్లను పట్టి ఉంచే బోల్టులు వదులు చేసి, పైకి లేపకుండా, ఉన్నచోటనే మెల్లగా తిప్పారు. లోపలి చక్రం రెక్క గుల్లకు ఒక్కసారి గీసుకున్నా కొత్త టర్బో పాత ఇనుమైపోతుందట. మూతి మనకు కావలసిన వైపు వచ్చింది. మధ్య భాగాన్ని మాత్రం తిప్పనివ్వలేదు. నూనె కిందికి దిగే రంధ్రం నిట్టనిలువుకు 35 డిగ్రీలకు మించి వాలితే నూనె సరిగా దిగక, సీళ్లు దాటి పొగవుతుందని చెప్పారు. రిటర్న్ పైపు ఎక్కడా వంకర పోకుండా, పైకి లేవకుండా చూడడానికే ఒక పూట గడిచింది. నాకు విసుగొచ్చిన మాట నిజం, ఆయనకు రాలేదు.

గుల్ల తిరిగితే దానిమీదున్న యాక్చుయేటర్ కూడా తిరుగుతుంది, దాని కడ్డీ, ఎక్కువైన పొగను పక్కకు వదిలే వేస్ట్‌గేట్ తలుపు పిన్నుకు అందదు. హన్మకొండలో లేత్ నడిపే అన్న ముందు అట్టముక్క కత్తిరించి ఆ సందులో పెట్టి చూశారు, తరువాతే ఇనుప ప్లేటు కోసి కొత్త బ్రాకెట్ చేశారు. మొదటిది ఒక వెంట్రుకవాసి తేడా వచ్చిందని, నేను పరవాలేదంటున్నా వినకుండా, పక్కన పడేసి ఇంకొకటి చేశారు. రెండోదానికే డబ్బులు తీసుకున్నారు.

కడ్డీ ఏ ఒత్తిడికి కదులుతుందో చూడడానికి ప్రత్యేకమైన పరికరం మా దగ్గర లేదు. పంక్చర్ షాపు తమ్ముడు గేజీ ఉన్న ఫుట్‌పంపు తెచ్చాడు. డబ్బా మూతికి రబ్బరు గొట్టం తొడిగి, అతను తొక్కుతుంటే కాకా కడ్డీ మీద వేలు పెట్టి కూర్చున్నారు. ఒత్తిడి లెక్క బార్‌లలో ఉంటే, ఒక బార్ అంటే టైరు గేజీ మీద సుమారు 14.5 పీఎస్ఐ. ముల్లు ఎక్కుతూ ఉంటే ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. కడ్డీ ముందుగానే కదిలిందని నట్టు ఒక చుట్టు బిగించి మళ్లీ తొక్కించారు, మళ్లీ మళ్లీ తొక్కించారు. తమ్ముడి కాళ్లకు ప్రత్యేకంగా దండాలు.

బోనెట్ మూస్తే తగులుతుందా అన్న అనుమానం తీర్చింది పక్కింటి వదిన. చపాతీల కోసం కలిపిన పిండిలోంచి ఒక ముద్ద ఇచ్చారు. దాన్ని టర్బో మీద పెట్టి, బోనెట్ మూసి తెరిస్తే ముద్ద వేలు మందాన నిలిచింది. ఎక్సలరేటర్ తొక్కినప్పుడు ఇంజిన్ మౌంటింగ్‌ల మీద ఊగుతుంది కాబట్టి ఆ మాత్రం ఖాళీ ఉండాల్సిందే. పిండి వృథా అయిందని మాత్రం వదిన ఒక మాట అన్నారు.

మిగతా జాగ్రత్తలన్నీ కాకావే. టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌లో నిలిచిన పాత నూనెను కడిగి పూర్తిగా ఆరబెట్టే దాకా ఇంజిన్ ముట్టుకోనివ్వలేదు. ఆ నూనె లోపలికి పోతే డీజిల్ ఇంజిన్ దాన్నే ఇంధనంగా కాల్చుకుని, తాళం తీసేసినా ఆగకుండా అరుస్తుందట. నూనె వచ్చే పైపు కొత్తది, రాగి వాషర్లు కొత్తవి. ఆ చోట గ్యాస్కెట్ పేస్టు పూస్తానన్న మెకానిక్ తమ్ముడిని, ముక్క ఊడితే నూనె దారికే అడ్డం పడుతుందని వారించారు. వేడి తగలకుండా ఏసీ పైపు వైపు రేకు అడ్డం పెట్టించారు.

చివరగా, టర్బోలో చేత్తో కొత్త నూనె పోసి, డీజిల్ అందకుండా చేసి, స్టార్టర్ మాత్రం ఆపి ఆపి తిప్పించారు. నిమిషానికి 2 లక్షల చుట్ల వరకు తిరిగే షాఫ్టుకు నూనె పొర తప్ప వేరే ఆధారం లేదు. రిటర్న్ పైపు కింద పెట్టిన స్టీలు గ్లాసులో నూనె ధారగా పడ్డాకే ఆ పైపు బిగించి, ఇంజిన్ స్టార్ట్ చేయనిచ్చారు.

కాకా డబ్బులు ముట్టలేదు. ఈ ఏడు మిర్చి ఆరాక ఒక సంచి ఇంటికి పంపుతాను, వద్దంటే ఊరుకునేది లేదు. మెకానిక్ తమ్ముడూ, మిగిలిన కూలీ శుక్రవారం ఇస్తాను. ఇంకో మాట, ఎర్ర పిడి ఉన్న సర్‌క్లిప్ ప్లయర్ ఒకటి మా డిక్కీలో ఉండిపోయింది. లేత్ అన్నదే అనుకున్నాను, తనది కాదంటున్నారు. ఎవరిదో చెబితే తెచ్చి ఇస్తాను.