వాన పడుతున్నా నిద్రపోతున్నాను: కొందరికి కృతజ్ఞతలు

విజయవాడ సింగ్ నగర్ వాళ్లకి 2024 సెప్టెంబర్ ఒకటో తారీఖు గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఊళ్లో లేనివాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్తాను. పైన కుండపోత వాన, బుడమేరు వాగుకి గండ్లు, ఆదివారం పూట ఇళ్లలోకి నీళ్లు. మాది గ్రౌండ్ ఫ్లోర్. కరెంటు లేదు. నేనూ మావారూ అత్తయ్యని చెరో రెక్కా పట్టుకుని మెట్లెక్కించాం. తర్వాత పై పోర్షన్ అక్కావాళ్లింట్లో తలదాచుకున్నాం. డ్రోన్లు వదిలిన పొట్లాలు, పడవల్లో వచ్చిన పాల ప్యాకెట్లు, ఇవన్నీ మీరు టీవీలో చూసే ఉంటారు.

నీళ్లు తీశాక ఫైరింజన్లు వచ్చి వీధుల్లో బురద కడిగాయి. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లకి ప్రభుత్వం ప్రకటించిన 25 వేలు అందాయి. గోడలకి సున్నం వేయించాం, కుట్టుమిషన్‌కి కొత్త మోటారు పెట్టించాం. గట్టెక్కారు అన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను.

కానీ నిద్ర పోయింది. పక్కింట్లో మోటారు వేసి ట్యాంకు నిండి పొర్లినా లేచి కూర్చునేదాన్ని. రాత్రిళ్లు టార్చి పట్టుకుని వీధి కాలువ చూసి వచ్చేదాన్ని. ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకం కవర్లో చుట్టి అటక మీద పెట్టి, రోజూ ఉన్నాయో లేదో తడిమి చూసుకోవడం. తడిబట్టలు ముక్కిన వాసనొస్తే వాంతి వచ్చేది, బట్టలు కుట్టి బతికేదాన్ని నేను! అన్నిటికన్నా ఎక్కువ పీడించినవి మునిగిపోయిన జాకెట్లు. శ్రావణమాసంలో ఒప్పుకున్నవి, మగ్గం వర్క్ చేయించినవి, వాటితోపాటు ఇచ్చిన ఆది జాకెట్లు, అన్నీ బురదలో కలిసిపోయాయి. ఆ కస్టమర్లు ఎదురొస్తే పక్క సందులోకి తిరిగిపోయేదాన్ని. పిల్లాడు గ్లాసు నీళ్లు ఒలకబోస్తే వాడి మీద విరుచుకుపడ్డాను.

ధైర్యంగా ఉండమన్నారు. మర్చిపొమ్మన్నారు. ఇల్లు కూలినవాళ్లే మామూలుగా ఉంటే నీకేమైందని కూడా అన్నారు. అత్తయ్య తాయెత్తు కట్టించారు, అది ఇప్పటికీ నా చేతికి ఉంది. ఆవిడ ప్రేమ అది, దానికి నేను వంక పెట్టను.

తర్వాతి ఏడాది తొలకరికి పరిస్థితి మరీ చెయ్యి దాటింది. మా వార్డు ఏఎన్ఎం నర్సు ఇచ్చిన 14416 నంబరుకి ఒక రాత్రి ఫోన్ చేశాను. అది టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య ఫోన్ సర్వీసు. డబ్బులు కట్టక్కర్లేదు, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది. అవతల ఉన్నమ్మాయి తెలుగులోనే మాట్లాడింది. నేను చాలాసేపు ఏడ్చానే తప్ప ఏమీ చెప్పలేదు. ఆమె తొందరపెట్టలేదు. చివర్లో పెద్దాసుపత్రి మానసిక విభాగానికి వెళ్లమని, ఏం అడుగుతారో కూడా ముందే చెప్పింది. ఆ అమ్మాయి పేరు నాకు తెలియదు. అమ్మా, నువ్వు ఇది చదివితే, నీకు మొదటి దండం.

ఆసుపత్రిలో డాక్టరుగారు నిద్రకి కొన్నాళ్లు మందులిచ్చారు, తర్వాత ఆయనే తగ్గించి మానిపించారు. అసలు పని కౌన్సెలింగ్ మేడమ్ దగ్గర జరిగింది. సలహాలిస్తారనుకుని వెళ్లాను. ఆవిడ ప్రశ్నలే ఎక్కువ అడిగారు. ఇలాంటివి జరిగాక భయం, పీడకలలు చాలామందికి వస్తాయి, కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, నెల దాటినా తగ్గక పనులకి అడ్డం పడుతుంటే మాత్రం సాయం తీసుకోవాలి అని చెప్పారు. నాకు పిచ్చేమోనన్న టెన్షన్ ఆ ఒక్క మాటతో సగం దిగింది.

మొదట్లో వరద ఊసే ఎత్తలేదు. గుండె దడ మొదలైతే పాదాలు నేలకి ఆనించి, ఎదురుగా ఉన్న వస్తువుల పేర్లు ఒక్కొక్కటీ పైకి చెప్పడం నేర్పారు. కత్తెర, టేపు, బాబిన్, సుద్ద... నవ్వొచ్చేది, కానీ పనిచేసేది. ఆ తర్వాత ఆ రోజు జరిగింది మొదటి నుంచి వరసగా చెప్పించారు, మళ్లీ మళ్లీ. నేను ప్రతిసారీ ఒకచోట దాటేస్తున్నానని ఆవిడే పట్టుకున్నారు. మెట్ల దగ్గర అత్తయ్య చెయ్యి నా చేతిలోంచి జారిన ఆ క్షణం. మావారు పట్టుకున్నారు, ఆవిడకేమీ కాలేదు, అయినా నేను అక్కడే ఆగిపోయి ఉన్నాను. అది నోటితో చెప్పిన రోజు ఇంటికొచ్చి వంట కూడా చేయలేదు. ఇక వెళ్లనని కూడా అన్నాను. కౌన్సెలింగ్ అంటే వెళ్లొచ్చిన ప్రతిసారీ తేలికపడతామని ఎవరైనా చెబితే నమ్మకండి.

తర్వాత వాన పని. ముందు ఫోన్లో వాన చప్పుడు చిన్నగా పెట్టుకుని వినడం, తర్వాత వానలో వరండాలో నిలబడటం, చివరికి బుడమేరు వంతెన దాకా నడిచి వెళ్లడం. ఒక్కోదానికీ ముందు భయం పదికి ఎంతో రాసుకోవడం, తర్వాత ఎంతకి దిగిందో రాసుకోవడం. జాకెట్ల కస్టమర్లకి ఫోన్లు చేయడం కూడా ఆ జాబితాలోదే. ఎక్కువమంది "పోనీలే అమ్మా, మనుషులు మిగిలారు కదా" అన్నారు. ఒకావిడ డబ్బులడిగారు, అడగడం న్యాయమే, వాయిదాల్లో ఇస్తున్నాను.

వరద నాకు మంచే చేసిందని ఎవరైనా అంటే ఒప్పుకోను. అది రాకుండా ఉంటే బాగుండేది. కానీ ఇప్పుడు చేయగలిగినన్ని జాకెట్లే ఒప్పుకుంటున్నాను, అడ్వాన్సు అడుగుతున్నాను, ఒంట్లో బాగోకపోతే బాగోలేదని ఇంట్లో చెబుతున్నాను. ఇవేవీ ఇంతకుముందు నాకు చేతకాలేదు.

మావారికి థాంక్స్ చెబితే కొత్తగా చూస్తారు. అయినా చెప్తున్నాను, ఇంకా ఎన్నాళ్లని ఒక్కసారి కూడా అడగనందుకు. మేడమ్‌కి ఏమిచ్చినా తక్కువే. జాకెట్ కుట్టి ఇస్తానంటే కూడా వద్దన్నారు, రూల్సట. పై పోర్షన్ అక్కకి అందరికన్నా ఎక్కువ. వరదలో చోటిచ్చినందుకు కాదక్కా, అది ఎవరైనా ఇస్తారు. పిల్లాణ్ణి వాళ్లమ్మాయికి అప్పజెప్పి, ఓపీ లైన్లో నా పక్కన నిలబడి, నేను లోపల ఉన్నంతసేపూ బయట బల్ల మీద కూర్చున్నావు. ఏం మాట్లాడారని ఎప్పుడూ అడగలేదు.

మా పేటలో ఎవరికైనా ఆసుపత్రికి ఒంటరిగా వెళ్లడానికి బెరుకుగా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. పెళ్లిళ్ల సీజన్‌లో కాస్త ముందే చెప్పండి చాలు, నేను తోడొస్తాను.