తుంగభద్ర డ్యాం పంతొమ్మిదో గేటు మూసినవాళ్లకు, కణేకల్లు మడి నుంచి

మా వడ్లు కోసి, ఆరబెట్టి, బస్తాలకెత్తి నాలుగు రోజులైంది. ఎకరాకు ఎన్ని బస్తాలయ్యాయో ఇక్కడ రాయను, మా వీధివాళ్లు కూడా ఈ పోస్టు చదువుతారు. పండింది, అంతవరకు చెప్తాను. ఆగస్టులో ఒక వారం పాటు ఈ ఏడు గింజ కళ్లజూడమనే అనుకున్నాం. ఆ గింజ మా ఇంటికి చేరడానికి కారణమైనవాళ్లలో చాలామంది పేర్లు కూడా నాకు తెలియవు. అందుకే నలుగురూ చూసేచోట థ్యాంక్స్ చెప్పుకుంటున్నాను.

మాది అనంతపురం జిల్లా కణేకల్లు దగ్గర పల్లె. హెచ్చెల్సీ కింద నాలుగెకరాల మడి. బడిలో లెక్కలు చెప్తాను, మిగతా టైమంతా మడిలోనే. హెచ్చెల్సీ అంటే తుంగభద్ర ఎగువ కాలువ. డ్యాం హోస్పేట దగ్గరుంది, కాలువ అక్కడ బయల్దేరి నూటైదు కిలోమీటర్లు కర్ణాటకలోనే పారి, బొమ్మనహాళ్ దగ్గర మనలోకి వస్తుంది. మన వాటా 32.5 టీఎంసీలు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు. డ్యాంలో పూడిక చేరి నిల్వ 105 టీఎంసీలకు పడిపోయింది కాబట్టి ఆ వాటా కాగితం మీదున్నంత నిండుగా ఏనాడూ రాదు. వచ్చినదాంతోనే మా వరి, ఉరవకొండ వైపు మిరప, అనంతపురం టౌనుకు తాగునీళ్లు, అన్నీ.

ఈ ఏడు, అంటే 2024లో, డ్యాం జులైలోనే నిండింది. మా నాయన మొహం చూడాలి అప్పుడు! నారుమళ్లు పచ్చగా లేచాయి. సగం మళ్లలో నాట్లు పడ్డాయి, మిగతా సగానికి కూలీలను మాట్లాడిపెట్టుకున్నాం.

ఆగస్టు 11, ఆదివారం, తెల్లవారుజామున అయిదింటికి మా చిన్నాయన ఫోను.

"డ్యాం గేటు కొట్టుకుపోయిందంట రా."

"ఏ గేటు చిన్నాయనా?"

"పంతొమ్మిదోది. రాత్రి చైను తెగిందంట."

ఆ డ్యాంకు 33 గేట్లు. ఒక్కోటి అరవై అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల ఎత్తు. ఆ ఒక్క ఖాళీలోంచి 35 వేల క్యూసెక్కులు, అంటే సెకనుకు 35 వేల ఘనపుటడుగుల నీళ్లు పోతున్నాయని టీవీలో చెప్పారు. బడి పంతులు బుద్ధి కదా, అప్పటికప్పుడు బిల్లు కాగితం వెనక లెక్కేశాను. రోజుకు మూడు టీఎంసీలు. మా కాలువకు ఏడాది పొడవునా రావాల్సిన వాటా ఆ ఒక్క సందులోంచి పదకొండు రోజుల్లో పోతుంది. అది కాక, ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లూ ఎత్తేశారు. లక్ష క్యూసెక్కుల పైమాటే నదిలోకి. కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం ఒడ్డు ఊళ్లలో అప్రమత్తంగా ఉండమని దండోరా. వాళ్లకు వరద భయం, మాకు కరువు భయం, రెండూ అవే నీళ్లతో.

కొత్త గేటు పెట్టాలంటే నీటిమట్టం గేటు అడుగుదాకా, అంటే 1633 అడుగుల నుంచి 1613కు దిగాలన్నారు. అంటే దాదాపు అరవై టీఎంసీలు వదిలేసుకోవడమే. ఆ మాట విన్నాక మా నాయన భోజనం దగ్గర నుంచి లేచిపోయాడు. కూలీలకు ఫోన్ చేసి ఆగమన్నాను.

ఆ మూడు రోజులు టీ కొట్టు దగ్గర మాటలన్నీ ఒకటే, తప్పెవరిది? కర్ణాటకదా, మనదా, డ్యాం నడిపే తుంగభద్ర బోర్డుదా, తెలంగాణ వాటా సంగతేంటి? నేనూ తక్కువ మాట్లాడలేదు లెండి. అరిచి గొంతు పోగొట్టుకున్నవాళ్లలో నేనొకణ్ణి. మేం ఇక్కడ అరుస్తుండగా అక్కడ పని మొదలైపోయిందని తర్వాత తెలిసింది. సిగ్గేసింది, అందుకే ఇది కూడా రాస్తున్నాను.

ఆ పనికి ముందు నిలబడిన పెద్దాయన కన్నయ్య నాయుడు గారు. డ్యాం గేట్ల పనిలోనే జీవితమంతా గడిపి ఎప్పుడో రిటైరయిన ఇంజనీరు. నీళ్లన్నీ వదిలేదాకా ఆగక్కర్లేదు, పారుతుండగానే గేటును ముక్కలుగా చేసి ఒకదాని మీద ఒకటి దించొచ్చని ఆయన చెప్పారు. స్టాప్‌లాగ్ అంటారట దాన్ని. అరవై అడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తున్న ఇనుప ముక్కలు అయిదు. మన పొలంలో మడవకు అడ్డంగా ఒకదాని మీద ఒకటి పలకలు పేరుస్తాం చూడండి, అదే ఉపాయం. కాకపోతే ఇక్కడ పలక బరువు టన్నుల్లో, పారేది తుంగభద్ర.

ఆ ముక్కలు ఎవరు చేయాలి? టెండరు పిలిచి, రేట్లు చూసి, సంతకాలయ్యేసరికి మా నారు ముదిరి గడ్డయ్యేది. తోరణగల్లులో జిందాల్ స్టీలు ఫ్యాక్టరీ, హోస్పేట వర్క్‌షాపులు తలా కొంత పంచుకుని రాత్రింబవళ్లు చేశాయి. డ్యాం ఉన్నది కర్ణాటకలో, నడిపేది మూడు రాష్ట్రాలకు చెందిన బోర్డు, ఉపాయం చెప్పింది ఒక తెలుగాయన, ఇనుము ఒక ప్రైవేటు కంపెనీది, వెల్డింగ్ చేసిన కుర్రాళ్లు ఎక్కడెక్కడివాళ్లో.

నేను 14న బండి వేసుకుని హోస్పేట పోయాను. పోలీసులు దగ్గరికి రానివ్వలేదు, రానివ్వకపోవడమే మంచిదైంది. దూరం నుంచి చూస్తే మిగతా గేట్ల దగ్గర నీళ్లు ఒద్దికగా పడుతున్నాయి, ఒక్కచోట మాత్రం పిచ్చెత్తినట్టు ఎగిరి దూకుతున్నాయి. నా పక్కన గంగావతి రైతు ఒకాయన నిలబడి ఉన్నాడు. ఆయన కన్నడంలో, నేను తెలుగులో. ఆయనదీ వరే, ఆయనదీ సగం నాటే. టీ ఆయనే తాగించాడు.

15న మొదటి ముక్క దించబోతే దిగలేదు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు. సరిచేసుకుని 16 సాయంత్రం మళ్లీ దించారు. ఈసారి కూర్చుంది! తాళ్లు కట్టుకుని, కింద ఆ హోరు మధ్య నిలబడి క్రేన్లకు సైగలు చేస్తున్న కార్మికుల వీడియో మీరంతా చూసే ఉంటారు. 17కు మిగతావీ దిగాయి. డ్యాంలో ఇంకా 70 టీఎంసీల దాకా మిగిలాయి. మా నాయన ఏమీ అనలేదు, చెప్పులేసుకుని కూలీల ఇళ్లకు పోయాడు.

తర్వాత వానలు కూడా దయతలచాయి. సెప్టెంబరులో డ్యాం మళ్లీ నిండి, కర్ణాటక ముఖ్యమంత్రిగా ఉన్న సిద్ధరామయ్య గారు వచ్చి బాగిన, అంటే నీళ్లకు పూజ చేసి ఇచ్చే కానుక, సమర్పించారు. కన్నయ్య నాయుడు గారిని అదే నెలలో మన ప్రకాశం బ్యారేజీకి కూడా పిలిచారు, పడవలు కొట్టుకొచ్చి గేట్లు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మలు (కౌంటర్‌వెయిట్లు) విరిగాయి కదా, అందుకు.

నాకు ముందు నుంచీ మనసులో ఉన్న మాట ఒకటుంది. మనం ఎప్పుడూ ఒక్కరి మెడలోనే దండ వేస్తాం. నాయుడు గారికి ఎన్ని దండలు వేసినా తక్కువే, అందులో తేడా లేదు. కానీ ఆయన చెప్పిన మాటను 'నువ్వు ఏ రాష్ట్రం' అని అడగకుండా విన్న బోర్డు ఇంజనీర్లకూ, బిల్లు ఎవరు కడతారో తేలేదాకా ఆగని వర్క్‌షాపులవాళ్లకూ కూడా దండ పడాలి. అది కనపడని పని. ఫోటోలో రాదు.

మా పెద్దమ్మ కొడుకు కాలిఫోర్నియాలో రోడ్ల పనుల్లో ఇంజనీరు. వాడితో ఇదంతా చెప్తే, "మా దగ్గర దీన్ని పార్ట్‌నరింగ్ అంటారన్నా" అన్నాడు. 1980ల చివర్లో అమెరికా ఆర్మీ ఇంజనీర్లు మొదలుపెట్టారట. పని మొదలవకముందే ప్రభుత్వ శాఖ, కాంట్రాక్టరు, డిజైన్ చేసినవాళ్లు ఒకచోట కూర్చుని, పేచీ వస్తే సైటులో ఎవరు తేల్చాలి, ఎన్నాళ్లలో తేల్చాలి, తేలకపోతే పైన ఎవరి దగ్గరికి పోవాలి అని ముందే రాసుకుంటారట. కోర్టుకు పోయేది ఆ మెట్లన్నీ ఎక్కాకే. అక్కడి రవాణా శాఖ కాల్‌ట్రాన్స్ ఇలా బాగా కలిసి చేసిన పనులకు అవార్డులు కూడా ఇస్తుందట.

"కొట్లాడుకోకుండా ఉన్నందుకు అవార్డా?" అన్నాను.

"అదే కష్టమన్నా," అన్నాడు వాడు.

అయినా ఈ డ్యాం పుట్టుకే అలాంటిది. 1945లో శంకుస్థాపన జరిగినప్పుడు ఎడమ ఒడ్డు నిజాంది, కుడి ఒడ్డు మద్రాసుది. ఎడమ సగం హైదరాబాదువాళ్లు, కుడి సగం మద్రాసువాళ్లు కట్టుకుంటూ వచ్చి నది మధ్యలో కలిపారు. మద్రాసు వైపు తిరుమల అయ్యంగారు చీఫ్ ఇంజనీరు. సున్నం, సుర్కీ (ఇటుక పొడి)తో లేపిన రాతి గోడ. ఆ పనులు జరుగుతుండగానే దేశం మారింది, రాజ్యాలు మారాయి, 1953లో నీళ్లు వదిలేసరికి ఆంధ్ర రాష్ట్రమే రాబోతోంది. రెండు సగాలు మాత్రం అతికే ఉన్నాయి. లెక్కల పంతులుగా చెప్తున్నాను, రెండు వైపుల నుంచి గీసుకొచ్చిన గీత మధ్యలో కలవడం అంత తేలిక కాదు.

ఇక చెప్పుకోవాల్సినవాళ్లకు చెప్పుకుంటాను. కన్నయ్య నాయుడు గారికి, మీ వయసులో ఆ గట్టు మీద ఎండలో నిలబడినందుకు మా నాయన రెండు చేతులెత్తి దండం పెట్టమన్నాడు. తుంగభద్ర బోర్డు ఇంజనీర్లకు, గేట్లు, కాలువలు చూసుకునే లస్కర్లకు. వెల్డింగ్ చేసిన, గ్యాస్ కట్టర్ పట్టిన, క్రేన్ తోలిన అన్నలకు. మా మాటలకు చిరాకుపడకుండా మమ్మల్ని వెనక్కి పంపిన కర్ణాటక పోలీసులకు. నాకు టీ తాగించిన గంగావతి రైతన్నకు, మీ వరి కూడా ఇంటికి చేరిందని అనుకుంటున్నాను. ఆ వారమంతా అడ్వాన్సు తిరిగి అడగకుండా, వేరే ఊరికి పోకుండా మా కోసం ఆగిన కూలీ అక్కలకు మరీ మరీ.

గేట్లన్నీ డెబ్బై ఏళ్లనాటివి, మార్చాలని ఆ గేటు పోయినప్పుడే నిపుణులు అన్నారు. ఆ పని జరిగేటప్పుడు ఒక పంటకు నీళ్లు తగ్గించినా మేం గోల చేయం. మా ఆయకట్టు వాళ్లందరి తరఫున చెప్పే హక్కు నాకు లేదు, నా నాలుగెకరాల తరఫున చెప్తున్నాను.

సంక్రాంతికి ముందు హోస్పేట వస్తున్నాను. కొత్త బియ్యం బస్తాలు రెండు పక్కన పెట్టాం. ఆగస్టు 16 సాయంత్రం గట్టు మీద పనిచేసిన కార్మికులు ఏ వర్క్‌షాపులో ఉంటారో తెలిసినవాళ్లు నాకు మెసేజ్ పెట్టండి. సోనామసూరి, పాతబడాక వండితే ఇంకా బాగుంటుంది.