కొండ ఎక్కొద్దనే ముందు అనుమతి ఎవరిస్తారో చెప్పండి

సంపాదకులు గారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ పత్రిక జిల్లా పేజీలో ఉదయగిరి కొండ మీద దారి తప్పిన ముగ్గురు విద్యార్థుల వార్త వచ్చింది. చదివిన రోజే రాద్దామని కూర్చున్నాను. కోపంలో రాసింది మర్నాటికి మనకే నచ్చదని పక్కన పెట్టాను. పది రోజులు గడిచాయి, కోపం మాత్రం తగ్గలేదు.

ఆ వార్త చివర ఒక అధికారి మాట వేశారు. ఇకపై కొండ ఎక్కడాన్ని పూర్తిగా నిషేధించే ఆలోచన ఉందట. రాత్రంతా వెతికి ఆ పిల్లల్ని దించినవాళ్ల గురించి మాత్రం ‘స్థానికులు’ అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఆ స్థానికులు ఇద్దరు మేకల కాపరులు. వాళ్ల దగ్గర ఉన్నది ఒక టార్చిలైటు, ఒక నీళ్ల క్యాను. తెల్లవారి పిల్లల్ని బస్టాండులో కూర్చోబెట్టి, టీ తాగించి, తిరిగి మేకల దగ్గరికి వెళ్లిపోయారు. అధికారుల జీపు వచ్చింది ఆ తర్వాతే.

నేను ఇరవై ఆరేళ్లు నెల్లూరు, ఆత్మకూరు, ఉదయగిరి దారిలో బస్సు కండక్టరుగా పనిచేశాను. వీపున సంచీ, చేతిలో నీళ్ల సీసా పట్టుకుని దిగే కుర్రాళ్లను ఎంతమందిని చూశానో లెక్క లేదు. అందరూ దిగుతూ అడిగేది ఒకటే మాట: ‘కొండకు దారి ఎటు అండీ?’ ఉద్యోగంలో చేరినప్పుడు ఎలా అడిగేవారో, పదవీ విరమణ చేసిన రోజు కూడా అలాగే అడిగారు. ఇన్నేళ్లలో ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పే బోర్డు కొండ కింద నిలబెట్టలేకపోయారు.

ఏ కొండ గురించి మాట్లాడుతున్నామో ఆ అధికారికి తెలుసో లేదో. మూడు వేల అడుగుల పైచిలుకు ఎత్తు. కొండ మీద ఎనిమిది, కింద ఐదు, మొత్తం 13 కోటలని పాత గెజిటీర్లలో, అంటే జిల్లా వివరాలు రాసిన ప్రభుత్వ పుస్తకాల్లో ఉంది. శ్రీకృష్ణదేవరాయలంతటివాడు దీన్ని ఒడిశా రాజులైన గజపతుల చేతుల్లోంచి తీసుకోవడానికి ఏడాదిన్నర ముట్టడి వేయవలసి వచ్చింది. 1514లో దుర్గం లొంగింది. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకువెళ్లి, 1515లో గుడి కట్టి ప్రతిష్ఠించాడు. సైన్యం పైకి చేరడానికి కొండలు, బండలు పగలగొట్టించి దారులు వేయించాడని పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ రాసిపెట్టాడు. దారి లేని చోట దారి వేయడం 500 ఏళ్ల కిందటే జరిగింది. ఇప్పుడు మనల్ని ఎవరూ బండలు పగలగొట్టమనడం లేదు. ఉన్న దారి ఎటు పోతుందో చెప్పమంటున్నాం.

పోయిన జనవరిలో మా మేనల్లుడు, వాడి స్నేహితులు ఇద్దరు కొండ మీద ఒక రాత్రి గుడారం వేసుకుని ఉంటామన్నారు. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా అడుగు పెడితే నేరం, ముందు వెళ్లి అడగండి అని నేనే చెప్పాను. తెల్లకాగితం మీద అర్జీ రాసి, ఆధార్ నకళ్లు జతచేసి ఒక కార్యాలయానికి వెళ్లారు. ‘కోట మా పరిధిలోకి రాదు, అడవి మాత్రమే మాది’ అన్నారు. కోట చూసుకునే వాళ్ల దగ్గరికి వెళితే ‘అడవి దాటితేనే కదా కోట, వాళ్లనే అడగండి’ అన్నారు. నెల్లూరులో మూడో చోటికి వెళ్లారు. అక్కడి గుమస్తా అర్జీ మడత విప్పకుండానే ‘అడగకుండా వెళ్లేవాళ్లు వెళ్తూనే ఉన్నారు కదా బాబూ’ అన్నాడట. మావాడు ఇంటికొచ్చి ఆ మాట చెప్పినప్పుడు నాకు తల కొట్టేసినట్లయింది. చట్ట ప్రకారం నడుచుకోమని వాడికి చెప్పింది నేను. చట్టాన్ని అమలు చేయవలసిన చోటే దాన్ని తప్పించుకునే దారి చెప్పి పంపించారు.

చివరికి రాత్రి బస మానుకుని, వాళ్లతో పాటు నేనూ పగటిపూట ఎక్కి దిగాను. మీ వార్తలోని విద్యార్థులు దారి తప్పిన చోటు నాకు కళ్లకు కట్టినట్లు తెలుసు. కూలిన పాత గోడ ఒకటి దాటగానే బాట రెండుగా చీలుతుంది. కుడివైపుది రాళ్ల మీదుగా పైకి పోతుంది. ఎడమవైపుది వెడల్పుగా, నున్నగా, మనిషిని రమ్మని పిలుస్తున్నట్లు ఉంటుంది. అది మేకలు నడిచి నడిచి పడిన బాట, కొంతదూరం పోయాక బండ అంచు మీద ఆగిపోతుంది. ఆ చీలిక దగ్గర ఒక రాయి మీద సున్నంతో వేసిన బాణం గుర్తు సగం చెరిగి కనిపించింది. ఎవరు వేశారని అడిగితే, ఒక మేకల కాపరి ఏటా వానలు వెలిశాక తన ఇంటి సున్నమే తెచ్చి వేస్తాడని చెప్పారు. ఈసారి ఆయనకు ఒంట్లో బాగాలేక రాలేదట. ఇంత పెద్ద దుర్గంలో మనుషుల ప్రాణాలకు ఉన్న ఏర్పాటు ఆ ఒక్క గుర్తు.

పైన చూసిందీ చెప్పాలి. మద్యం సీసాల గాజుపెంకులు, పొయ్యి రాళ్లు, మసీదు గోడల మీద బొగ్గుతో రాసిన పేర్లు. అంతకన్నా ఘోరం, గుప్తనిధుల పిచ్చితో తవ్విన గోతులు. ఒక గోతి నా నడుము లోతు ఉంది. ఆ గోతులు తవ్వినవాళ్లు గుడారం వేసుకుంటామని అర్జీ పట్టుకుని తిరిగే పిల్లలు కారు. వెలిగొండ అడవుల్లో ఎర్రచందనం దుంగలు మోసుకుపోయేవాళ్లూ వీళ్లు కారు. నిషేధం బోర్డు పెడితే ఆగిపోయేది చట్టానికి భయపడే మనుషులు మాత్రమే. మంచివాళ్ల అలికిడి లేని కొండను ఎవరికి అప్పజెబుతున్నారో అధికారులు ఆలోచించాలి. నలుగురు తిరిగే చోట గునపం దించడానికి దొంగ జంకుతాడు.

అడవిలో మనుషుల్ని రానివ్వడం ప్రమాదం అంటారా? దోర్నాల దగ్గర తుమ్మలబైలులోనూ, నల్లమలలోనే అవతల బైర్లూటి, పచ్చర్లలోనూ అటవీ శాఖే సందర్శకులకు ఏర్పాట్లు చేసింది. బైర్లూటిలో రాత్రి బస కూడా ఉంది. అడవిని పుట్టినప్పటి నుంచి ఎరిగిన చెంచులకు అక్కడ పని దొరుకుతోంది. అది పులులు తిరిగే అడవి. అక్కడ సాధ్యమైన పని ఉదయగిరి కొండ మీద ఎందుకు సాధ్యం కాదో ఎవరైనా చెబితే వింటాను. పెంచలకోన సంగతి వేరు, అది పెనుశిల నరసింహ అభయారణ్యం, అక్కడ ఆంక్షలు గట్టిగానే ఉండాలి, కాదనను. కానీ అక్కడైనా, సి.ఎస్.పురం మండలంలోని భైరవకోనలోనైనా తిరునాళ్ల రోజున నీళ్ల ట్యాంకర్లు, వైద్య శిబిరం, పోలీసులు అన్నీ వస్తాయి. అంటే చేతకాక కాదు. మిగతా రోజుల్లో వచ్చేవాడు మనిషిగా లెక్కలోకి రాడు, అదీ సంగతి.

మా చిన్నప్పుడు కార్తికంలో బడి పిల్లలందరినీ కొండ కిందికి వనభోజనాలకు తీసుకెళ్లేవారు. ఇది మోదుగ, ఇది రేల, ఇది ముట్టుకుంటే దురద అని మా మాస్టారు చేత్తో చూపించి చెప్పేవారు. పొయ్యి వెలిగించే ముందు పైన బండకు తేనెపట్టు ఉందేమో తలెత్తి చూడమని నేర్పింది ఆయనే. ఇప్పుడు పిల్లలకు చుట్టూ ఉన్న ఎండుటాకులు ఊడ్చకుండా చలిమంట వేయకూడదని కూడా తెలియదు. చెప్పేవాళ్లు ఏరీ? మార్కులు తప్ప మరో మాట లేని బడులు విహారయాత్ర అంటే నగరానికి బస్సు కట్టించి టికెట్టు కొన్న ఆటస్థలంలో వదులుతున్నాయి. కొండ నీడలో పుట్టిన పిల్లవాడు కొండ మీద దారి తప్పాడంటే తప్పు పూర్తిగా వాడిదేనా?

ఇందులో మా ఊరి కడుపు నింపే సంగతి కూడా ఉంది. ఉదయగిరి చెక్క గరిటెలకు, చెంచాలకు భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, అంటే ఆ పేరు ఈ ప్రాంతపు సరుకుకే చెందుతుంది. నర్ది, బిక్కి చెట్ల చెక్కను చెక్కి, గరుకు కాగితంతో రుద్ది రుద్ది ఆడవాళ్లు వేళ్లు అరగదీసుకుంటున్నారు. కొండకు వచ్చినవాడు ఒక పూట ఇక్కడ భోంచేసి, రెండు గరిటెలు కొనుక్కుని వెళితే ఆ ఇళ్లకు ఎంత ఆసరా! దారి చూపిన కాపరికి రోజుకూలి దొరికితే, కొండను కాపాడే మనిషి కూడా ఆయనే అవుతాడు.

కాబట్టి నిషేధం మాట పక్కన పెట్టి, ఉదయగిరిలోనే ఒక్క చోట, ఒక్క మనిషి దగ్గర అనుమతి దొరికేలా చూడండి. వెళ్లేవాళ్ల పేర్లు, ఫోను నంబర్లు, దిగే వేళ ఒక పుస్తకంలో రాసుకోండి. దిగవలసిన వేళకు దిగకపోతే వెంటనే వెతకవచ్చు. స్థానికుణ్ణి వెంట తీసుకెళ్లాలని నియమం పెట్టండి. మద్యం తీసుకెళ్లేవాణ్ణి, గోడ మీద గీసేవాణ్ణి పట్టుకుని గట్టి జరిమానా వేయండి, నేనే వచ్చి సాక్ష్యం చెబుతాను. మా ఎండలు తెలిసినవే కనుక వేసవిలో మూసేయండి, ఈశాన్య రుతుపవనాల వానలకు బండలు జారతాయి కనుక అప్పుడూ వద్దనండి. చలికాలపు ఆ కొద్ది నెలలైనా తెరిచి ఉంచండి.

ఈలోగా ఆ చీలిక దగ్గర రాయి మీద గుర్తు ఈ ఆదివారం మా మేనల్లుడి చేత మళ్లీ వేయిద్దామని ఉంది. సున్నం తెచ్చి ఇంట్లో పెట్టాను. అందుకూ అనుమతి కావాలంటే ఎవరికి అర్జీ పెట్టుకోవాలో మీ పత్రిక ద్వారానైనా తెలియజేయమని కోరుతున్నాను. శనివారం లోపు వెళ్లి పెట్టుకుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత బస్సు కండక్టరు,
ఉదయగిరి, నెల్లూరు జిల్లా