ఒక లారీ, రెండు ఎంట్రీలు: మీ ఇంటిగ్రేషన్ పనిపై ఫిర్యాదు

సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: కాటా, డ్రయ్యర్ మీటర్లను ఈఆర్‌పీకి (మా స్టాకు, లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్‌కు) కలిపిన పనిలో లోపాలు.

అయ్యా,

భీమవరం దగ్గర మా రొయ్యల మేత ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూసేది నేనే. మీ వాళ్లు పని అప్పగించి రెండు నెలలైంది. అప్పట్నుంచీ మా స్టోర్స్ గుమాస్తా రోజూ సాయంత్రం కాటా చీటీలు ముందేసుకుని ఈఆర్‌పీతో సరిచూస్తున్నాడు. ఆ తిప్పలు తప్పించడానికే కదా మీకు ఆర్డర్ ఇచ్చింది!

పోయిన మంగళవారం 11:40కి చేపపొడి లారీ కాటా ఎక్కింది. నికర బరువు 14,260 కిలోలు. చీటీ ఒకటే, ఈఆర్‌పీలో ఎంట్రీలు రెండు. లేని సరుకు స్టాకులో చూపిస్తోంది. నెట్ పోయి వచ్చినప్పుడల్లా ఇదే వరస. మీ కొటేషన్‌లో ‘గ్యారంటీడ్ డెలివరీ’ అని రాశారు. కాటా, మీటర్ల రీడింగులను నెట్ మీద పంపే గేట్‌వే సెట్టింగ్ తెరిచి చూస్తే, మెసేజ్‌లు పంపే ఎంక్యూటీటీ పద్ధతికి డెలివరీ స్థాయి క్యూఓఎస్ 1 అని ఉంది. అంటే మెసేజ్ ‘కనీసం ఒకసారి’ చేరుతుందని. ‘అందింది’ అన్న జవాబు దారిలో పోతే గేట్‌వే మళ్లీ పంపుతుంది. దాని పద్ధతే అంత, దాన్ని తప్పుపట్టను. రెండోసారి వచ్చినదాన్ని చీటీ నంబరు చూసి పక్కన పెట్టాల్సింది ఈఆర్‌పీ వైపు మీరు రాసిన ప్రోగ్రామ్. ఫోన్ చేస్తే మీ ఇంజినీరు “క్యూఓఎస్ 2 పెట్టేస్తాం సార్” అన్నాడు. అంటే ‘సరిగ్గా ఒకేసారి’ చేర్చే స్థాయి. కానీ అది మధ్యలో మెసేజ్‌లు అందుకుని పంచే బ్రోకర్ సర్వర్‌తో జరిగే మాటల వరకే. ఎంట్రీ వేశాక ప్రోగ్రామ్ ఆగి మళ్లీ లేస్తే, అదే ఎంట్రీ ఇంకోసారి పడదని ఎవరు పూచీ?

ఇక డ్రయ్యర్. పాత టెంపరేచర్ మీటర్ పాడైతే గత వారం మీ వాళ్లే కొత్తది బిగించారు. మీటర్ మీద 85.5 డిగ్రీలుంటే స్క్రీన్ మీద 0.00. మీటర్ 85.7కి వెళ్లగానే స్క్రీన్ మీద 24 అంకెల సంఖ్య! ఆపరేటర్ హడలిపోయి బర్నర్ ఆపేశాడు. మీటర్లను చదివే మోడ్‌బస్ పద్ధతిలో రిజిస్టర్ (విలువ ఉండే గడి) ఒక్కోటి 16 బిట్లు. ఈ దశాంశ విలువకు రెండు రిజిస్టర్లు పడతాయి, ఏది ముందో మాన్యువల్లో ఉంది. మీ వాళ్లు వాటిని తిరగేసి చదివించారు.

కేబుల్ సంగతి నేనే చూసుకున్నాను. మీటర్లన్నిటినీ వరసగా కలిపే ఆర్‌ఎస్-485 లైన్‌కు రెండు చివర్లలోనే 120 ఓంల రెసిస్టర్లుండాలి. పవర్ ఆపి కొలిస్తే 60 దగ్గర రావాలి, 20 వచ్చింది. ఆరు మీటర్లకూ తలా ఒకటి తగిలించారు! మధ్యలోవి నాలుగూ పీకేశాక టైమౌట్లు (మీటర్ నుంచి జవాబు రాకపోవడాలు) తగ్గాయి. ఈ కూలి మీ బిల్లులో తగ్గించుకోవాలేమో.

పది రోజుల్లోగా చీటీ నంబరు చెక్ పెట్టండి, డబుల్ ఎంట్రీలు తీసేయండి. ప్రతి మీటర్‌కూ రిజిస్టర్ల వరసతో సహా మ్యాప్ రాసివ్వండి. మా ముందే నెట్ వైరు పీకి, మళ్లీ పెట్టి, ఎంట్రీ ఒక్కటే పడిందని చూపించండి. అందాకా మిగిలిన 20 శాతం సొమ్ము విడుదల కాదు.

ఇట్లు,
మెయింటెనెన్స్ ఇన్‌చార్జి