అడగకుండానే వచ్చే కూల్‌డ్రింక్

సంపాదకులకు,

పోయిన ఆదివారం మా ఆరేళ్ల పాపను బర్గర్ షాపుకి తీసుకెళ్లాను. బొమ్మ వస్తుందని పిల్లల మీల్ కావాలంది. కౌంటర్లో అబ్బాయి బిల్లు కొడుతూనే గ్లాసు తీసి మెషిన్ కింద పెట్టేశాడు. ఏం తాగుతారని అడగనే లేదు. "నీళ్లు ఇవ్వండి" అన్నాను. "మీల్‌లో కోలానే వస్తుంది మేడమ్, నీళ్ల బాటిల్‌కి వేరే బిల్లు" అన్నాడు. అప్పటికే నురగ గ్లాసు అంచుదాకా వచ్చింది, పాప కళ్లు దాని మీదే ఉన్నాయి. వెనక పెద్ద లైను. ఇంకేం వాదిస్తాం? పాప బర్గర్ సగం వదిలేసింది కానీ, కోలా మాత్రం అడుగున ఐస్ ముక్కలు గరగరమనేదాకా స్ట్రాతో లాగింది.

ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను. మీల్ బటన్ నొక్కితే కోలా దానంతటదే బిల్లులో పడుతుంది. నా అభ్యంతరం ఆ బటన్ మీదే.

330 మి.లీ. మామూలు కోలా డబ్బాలో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. చెంచాకు నాలుగు గ్రాముల లెక్కన ఎనిమిది చెంచాల పైమాటే. పిల్లల గ్లాసు చిన్నది, అందులో ఐసు కూడా ఉంటుంది కాబట్టి సగమే అనుకుందాం. అయినా నాలుగు చెంచాలు! ఇంట్లో పాలల్లో నేను అంత చక్కెర వేయబోతే మా అమ్మ చేతిలోంచి డబ్బా లాక్కుంటుంది. రెండేళ్లు దాటిన పిల్లలకు విడిగా కలిపే చక్కెర రోజు మొత్తానికి 25 గ్రాముల లోపే ఉండాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016లో చెప్పింది. అంటే ఆరు చెంచాలు. బన్నులో, కెచప్‌లో ఉండేది ఇంకా లెక్కలోకే రాలేదు.

కోలా బదులు జ్యూస్ పెడతామంటే సరిపోదు. పండ్ల రసంలోని చక్కెరను కూడా తగ్గించుకోవాల్సిన చక్కెర కిందే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగడుతోంది. పండు తినడం వేరు, రసం తాగడం వేరు. చాక్లెట్ పాలదీ అదే కథ.

కూల్‌డ్రింకుల్ని నిషేధించమని నేను అనడం లేదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2019 జనవరి నుంచి ఒక చట్టం అమల్లో ఉంది. పిల్లల మీల్‌తో మామూలుగా ఇచ్చేది నీళ్లో, తీపి కలపని పాలో అయి ఉండాలి. కొనేవాళ్లు నోరు తెరిచి అడిగితే కూల్‌డ్రింక్ కూడా ఇవ్వొచ్చు. నేను కోరేదీ ఇంతే. అడగాల్సిన పని నీళ్లు కావాలన్నవాళ్లకు కాకుండా, కోలా కావాలన్నవాళ్లకు పెట్టండి.

పిల్లలు ఒప్పుకోరని, గిరాకీ పోతుందని షాపులవాళ్లు అనొచ్చు. అమెరికాలోని వినోద పార్కు వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో 2006 నుంచి పిల్లల భోజనంతో కూల్‌డ్రింక్ మానేసి పాలు, నీళ్లు, జ్యూస్ పెట్టడం మొదలుపెట్టారు. వద్దంటే మార్చుకోవచ్చు. తర్వాత పరిశోధకులు అమ్మకాల లెక్కలు తీస్తే, సుమారు మూడింట రెండు వంతుల మంది మార్చమని అడగలేదని తేలింది. జ్యూస్ విషయంలో నాకు పేచీ ఉన్నా, ఇందులో నాకు ముఖ్యంగా కనిపించింది ఒకటే. ఏది ముందు పెడితే చాలామంది అదే తీసుకుంటారు. మా పాపనే చూడండి, ఆమెకు కావాల్సింది బొమ్మ. పక్కన నీళ్లు పెట్టినా తాగేసేది.

కంపెనీలు చేయాల్సింది కూడా పెద్దగా లేదు. బిల్లింగ్ మెషిన్‌లో సెట్టింగ్ మార్చాలి, మెనూ బోర్డు మీద పిల్లల మీల్ పక్కన కోలా బొమ్మ తీసి నీళ్ల బాటిల్ బొమ్మ వేయాలి, అదే రేటుకి ఇవ్వాలి. వాళ్లంతట వాళ్లు చేయకపోతే ఆహార భద్రత చూసే అధికారులు రూల్ పెట్టాలి.

ఈసారి వెళ్తే లైన్లో ఉండగానే నీళ్లు అని చెబుదామనుకుంటున్నాను. ఆ బాటిల్‌కి వేరే బిల్లు కట్టాలి. తాగని కోలాకి మాత్రం మీల్‌తోపాటే కట్టేసి ఉంటాను.

— ఒక పాఠకురాలు