అమ్మకు నువ్వు రాసిన ఆ ఏడాది మెయిళ్ళు

చి. కిరణ్‌కు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. ఎండలు ముదిరాయి, బీచ్ గాలి కూడా వేడిగానే ఉంటోంది. అమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది. మూడు ఆదివారాలుగా నీ ఫోన్ లేదు, పని ఎక్కువై ఉంటుందిలే. నువ్వు రాత్రి రెండింటి దాకా ఆఫీసులోనే ఉంటున్నావని రామం బాబాయ్ ఎక్కడో విన్నాడట. అమ్మకు చెప్పలేదు.

చిన్న షాపులవాళ్ళ మెయిల్‌కి ముందుగా ఏ సెట్టింగులు పెట్టి ఇవ్వాలో నువ్వే నిర్ణయించాలని సంక్రాంతికి చెప్పావు కదా. అప్పటినుంచీ ఒక మాట చెబుదామనుకుంటున్నాను.

పూణేలో చేరిన కొత్తల్లో రోజూ రాత్రి అమ్మకు మెయిల్ రాసేవాడివి. షాపు కుర్రాడు ఒకడు ఇంటికొచ్చి మన పాత లాప్‌టాప్‌లో పాప్ అని, మెయిళ్ళని కంప్యూటర్‌లోకి దించుకునే పద్ధతి పెట్టి వెళ్ళాడు. మెయిల్ దిగగానే సర్వర్‌లో చెరిగిపోతుందని మాకేం తెలుసు? 'సర్వర్‌లో కాపీ ఉంచు' అన్నచోట టిక్కు లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. హాలు కిటికీ అద్దం పగిలి, బల్ల మీది లాప్‌టాప్‌లోకి వాన నీళ్ళు పోయాయి. అమ్మ చీర కొంగుతో తుడిచి, బియ్యం డబ్బాలో దాచింది. ఆన్ చేసి చూద్దామన్నా కరెంటు లేదు. చివరికి డిస్కు పోయిందన్నాడు రిపేరతను. ఏడాది మెయిళ్ళు దానితోనే పోయాయి. బాధపడతావని నీకు చెప్పలేదు. "పప్పు మాడబెట్టుకున్న రోజు ఎంత పెద్ద మెయిల్ రాశాడండీ" అని అమ్మ ఇప్పటికీ తలుచుకుంటుంది.

ఆ తర్వాత ఇవన్నీ కూర్చుని నేర్చుకున్నాను. మా పెన్షనర్లలో ఇరవై మందికి నేనే మెయిల్ పెట్టి ఇచ్చాను. పెట్టి ఇచ్చినదాన్ని మార్చుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు నాన్నా. నువ్వు ఏది పెడితే వాళ్ళకి అదే ఉంటుంది. అందుకే మెయిళ్ళు సర్వర్‌లోనే ఉండే ఐమ్యాప్ పద్ధతి పెట్టు, పోర్టు నంబరు 993. పంపడానికి 465. ఈ నంబర్లు వాళ్ళని అడగొద్దు. పేరు, మెయిల్ అడ్రస్, పాస్‌వర్డ్ చాలు. 'వీలైతే ఎన్‌క్రిప్షన్', అంటే వీలైతేనే ఇతరులు చదవలేని రూపంలో పంపు అన్న ఆప్షన్ అసలు ఉంచకు. కుదరనప్పుడు అది చప్పుడు చేయకుండా పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు పంపేస్తుంది. కుదరకపోతే ఆగిపోయి, ఎందుకో తెలుగులో చెప్పాలి. ఐమ్యాప్‌లో ఫోన్‌లో చెరిపితే కంప్యూటర్‌లోనూ పోతుంది కాబట్టి చెత్తబుట్టని నెల రోజులైనా ఖాళీ చేయనివ్వకు. పాప్ పద్ధతే కావాలని ఎవరైనా పట్టుబడితే 'సర్వర్‌లో కాపీ ఉంచు' టిక్కు నువ్వే పెట్టి ఇయ్యి.

రెండింటి దాకా అన్నది నిజమేనా? భోజనం మాత్రం ఎనిమిదిన్నరకల్లా చేసెయ్. కొరియర్‌లో మాగాయ పంపాం, గాజు సీసా, జాగ్రత్తగా విప్పు. తడి గరిటె పెట్టకు.

ఫోన్ కుదరకపోతే రెండు ముక్కలు మెయిల్ చెయ్యి. నీ మెయిల్ ఒక్కదానికే మోగేలా అమ్మ ఫోన్‌లో గంట పెట్టాను.

మీ నాన్న
సీతమ్మధార, విశాఖపట్నం